పక్క కుర్చీ

పుదుచ్చేరిలో సారం బస్టాపు దగ్గర ఉడికించిన వేరుశనక్కాయల బండివాడు ఈ ఉదయం మూత తీయగానే వాన గాలిలోకి ఆవిరి గుప్పున లేచింది. ఉప్పునీళ్ళలో ఉడికిన తొక్కల వాసన, తడిమట్టి వాసనకు దగ్గరగా ఉంటుంది. అది తగిలితే నాకు ఆకలి వేయదు, దామోదరన్ సార్ గుర్తొస్తారు. తుపాను హెచ్చరిక ఉంది, డ్యూటీకి వేళవుతోంది, అయినా గొడుగు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఎస్. దామోదరన్ అంటే తమిళాయన అనుకుంటారు. కాదు, తరాల కిందట పుదుచ్చేరి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు. తెలుగు చదవడం మాత్రం రాదు. నేను నెల్లూరు నుంచి కోడలిగా వచ్చినదాన్ని కనుక రాయగలుగుతున్నాను. ఆయన బతికి ఉంటే ఈ నాలుగు మాటలూ నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. మధ్యలో ఆపి, "అంత లేదులేమా, అది కొట్టెయ్" అనేవారు కూడా. వరదలకీ అగ్నిప్రమాదాలకీ జనం ఫోన్ చేసే కంట్రోల్ రూముకు ఆయన పెద్ద. నేను అక్కడ ఫోన్లు ఎత్తే ఉద్యోగంలో చేరాను.

ఆ గదిలో రెండు ఫోన్లు, రెండు కుర్చీలు. చేరిన రోజే సార్ ఒక నియమం చెప్పారు. సొంత ఇంటి నుంచి గానీ సొంత వీధి నుంచి గానీ ఫోన్ వస్తే, ఎత్తినవాళ్ళు మాట్లాడకూడదు. రిసీవర్ పక్క కుర్చీకి ఇచ్చేయాలి. ఫైరు బండి గానీ పడవ గానీ ఎవరి తర్వాత ఎవరికి పంపాలన్నది ఇక పక్క కుర్చీ చూసుకుంటుంది. ఇచ్చినవాళ్ళు మళ్ళీ అడగకూడదు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, ఆయన పెట్టుకున్నదే. నాకు ఒళ్ళు మండింది. మావాళ్ళకు ముందుగా బండి పంపించుకునేదానిలా కనిపిస్తున్నానా అనుకున్నాను.

"మా మీద నమ్మకం లేదా సార్?" అని అడిగేశాను.

"ముందు పంపుతావని కాదుమా నా భయం," అన్నారు జేబులోంచి తీసిన ఉడికిన వేరుశనక్కాయలు ఒలుస్తూ. "అందరి కడాకు, ఆఖర్న పంపుతావని."

ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు. కొన్నాళ్ళకు ఆయనే చెప్పారు. వయసులో ఉన్నప్పుడు ఇదే గదిలో ఫోన్ ఎత్తితే అవతల సొంత తమ్ముడు. ఊళ్ళోనే మేట్టుపాళయంలో అతని అట్టపెట్టెల గోడౌను అంటుకుంది. అంతకు కాస్త ముందే ఇంకెక్కడో చెత్తకుప్ప తగలబడుతోందని కబురు వచ్చి ఉంది. తమ్ముడికి ముందు పంపితే నలుగురూ ఏమంటారోనని సార్ బండిని చెత్తకుప్పకే పంపారు. ప్రాణాలకేమీ కాలేదు గానీ గోడౌను బూడిదైంది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తమ్ముడు పలకరించేవాడు, అన్న ఇంట్లో మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "మంచోడని పేరు తెచ్చుకోవాలని వాడి నోరు కొట్టినా," అన్నారు సార్.

అలాగని ఎప్పుడూ ముఖం ముడుచుకుని ఉండే మనిషి కాదు. డ్యూటీలో మా సెల్‌ఫోన్లు బీరువాలో పెట్టేసేవాళ్ళం. ఒక పొద్దున ముదలియార్‌పేట నుంచి మా అత్తగారు ఏకంగా కంట్రోల్ రూముకే ఫోన్ చేశారు. కుక్కర్ విజిల్ కనబడలేదట. సిగ్గుతో చచ్చిపోతూ, నియమం నియమమే కనుక, రిసీవర్ ఆ పూట పక్క కుర్చీలో ఉన్న సార్‌కి ఇచ్చాను. ఆయన వరద కబురు విన్నంత శ్రద్ధగా విన్నారు.

"కడిగిన గిన్నెల్లో చూసినారా అక్కా? పప్పు గిన్నె కింద? సరి, చూసి రండి, నేను ఉండా."

దొరికింది. "ప్రాణాపాయం లేదు," అని నాతో చెప్పి మళ్ళీ కాయల పొట్లం అందుకున్నారు. ఆ తర్వాత చాలా రోజులు నేను గదిలో అడుగు పెడితే "విజిల్ భద్రమా?" అని అడిగేవారు.

ఒక ఏడు పెద్ద తుపాను వచ్చింది. ఆ రోజు పక్క కుర్చీ అమ్మాయి నీళ్ళు దాటి రాలేకపోయింది. సారే ఆ కుర్చీలో కూర్చున్నారు. ఫోన్లు ఆగడం లేదు. మధ్యాహ్నానికి మా చేతిలో మిగిలింది ఒకే పడవ. మేట్టుపాళయంలో ఒక షెడ్డు మేడ మీద చిక్కుకున్న కూలీలు దానికోసం ఎదురుచూస్తున్నారు. అప్పుడు సార్ ముందున్న ఫోన్ మోగింది. ఎత్తి, ఒక్క క్షణం విని, మాట్లాడకుండా రిసీవర్ నా చేతిలో పెట్టారు.

అవతల ఆయన భార్య రాజేశ్వరమ్మ, నేను పిన్నమ్మా అని పిలిచే మనిషి. సారంలో వాళ్ళ ఇంట్లోకి నీళ్ళు వచ్చేశాయి. పక్షవాతంతో మంచాన పడిన అత్తగారిని, అంటే సార్ తల్లిని, ఆవిడ ఒక్కతే లేపలేకపోతోంది.

"మంచం నులక తగలతా ఉండాయిమా నీళ్ళు. పక్కింటోళ్ళు యాడికో పోయినారు. మాకన్నా అవసరమున్నోళ్ళు ఉంటే వాళ్ళనే చూడండి, మేం తాళుకుంటాం."

ఇద్దరికిద్దరూ సరిపోయారు అనుకున్నాను. ఏడుపొచ్చింది. పడవ వస్తోందని ఆవిడకు చెప్పి, వైర్‌లెస్‌లో పడవను సారం వైపు తిప్పమన్నాను.

"మేట్టుపాళయమోళ్ళు ముందు పిలిచినారు," అన్నారు సార్ నా వైపు చూడకుండా.

"వాళ్ళు మేడ మీద ఉండారు సార్. నీళ్ళు అంత ఎత్తుకు రావు. అవ్వ లేవలేదు."

"తల్లి కోసరం పడవ తిప్పించుకున్నాడంటారుమా."

"ఇది పక్క కుర్చీ పని సార్. మీరు అడగకూడదు."

అంత మాట ఎలా అన్నానో నాకే తెలియదు. ఆయన జేబులోంచి పొట్లం తీసి ఒలవడం మొదలుపెట్టారు. ఫోన్ మోగితే ఎత్తి, నిదానంగా చిరునామా అడిగి, పెట్టేసి, మళ్ళీ ఒలిచేవారు. ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదు. బల్ల మీద కుప్ప పెరుగుతూనే ఉంది. అవ్వకేమైనా అయితే ఈయన ముఖం ఎలా చూడాలి, కూలీలకేమైనా అయితే ఎవరికి ఏం చెప్పాలి అనుకుంటూ నేను ఫోన్ల మధ్య వైర్‌లెస్ వైపే చూస్తున్నాను. చివరికి వైర్‌లెస్ పలికింది. అవ్వనీ పిన్నమ్మనీ బడిలో పెట్టిన శిబిరానికి చేర్చారు, పడవ మేట్టుపాళయం బయల్దేరింది. కూలీలు కూడా క్షేమంగా దిగారని తెలిశాకే సార్ కదిలారు. గింజల కుప్పను అరచేత్తో నా వైపు జరిపారు.

"తినుమా," అన్నారు.

నీళ్ళు తీశాక తల్లిని చూడడానికి తమ్ముడు వచ్చాడు. జరిగింది విన్నాడు. ఆ పూట అన్న ఇంట్లోనే భోంచేశాడు. మర్నాడు ఆ సంగతి చెబుతూ సార్, "వాడు రెండోసారి రసం పోయించుకున్నాడుమా," అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు ఆ గదికి నేనే పెద్దను. పోయిన వానల్లో ఫోన్ ఎత్తితే అవతల మా అబ్బాయి.

"అమ్మా, ఇంట్లోకి నీళ్ళొచ్చినాయి. అవ్వా నేనూ మెట్ల మీద ఉండాం."

కొడుకు గొంతు విన్నాక రిసీవర్ ఇంకొకరి చేతిలో పెట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పక్క కుర్చీలో కొత్తగా చేరిన కళైసెల్వి. ఇచ్చేశాను. ఆ పిల్ల మా ఇంటికన్నా ముందు వేరేవాళ్ళకు పడవ పంపింది, సరిగ్గానే పంపింది. నేను అడగలేదు. కానీ మావాళ్ళు బయటపడ్డారని తెలిసేదాకా ఈ రెండు చేతులనూ ఏం చేసుకోవాలో తోచలేదు. సార్ అన్నేళ్ళూ జేబులో పొట్లం ఎందుకు పెట్టుకుని తిరిగారో అప్పుడు అర్థమైంది.

బండివాడు ఎంత కట్టమంటారని అడిగాడు. పెద్ద పొట్లమే కట్టమన్నాను. వాన పెరుగుతోంది, ఇవాళ ఎవరింటి నుంచి ఫోన్ వస్తుందో తెలియదు. కళైసెల్వికి ఉడికిన వేరుశనక్కాయలంటే ఇష్టమో కాదో నేనెప్పుడూ అడగలేదు. నేను ఒలిచి పెడితే మాత్రం ఆ పిల్ల తినాల్సిందే.