గుద్దినాయన

కడప కోర్టులో నేను జూనియర్ వకీలుగా ఉన్న రోజుల్లో అతన్ని మా ఆఫీసులో అందరూ ‘గుద్దినాయన’ అనేవాళ్లు. రాజంపేట దగ్గర అతని మోటార్ సైకిల్ గుద్దడంతో మా క్లయింటు కాలు పోయింది. నష్టపరిహారం ఇవ్వాల్సింది ఆ బండికి బీమా చేసిన కంపెనీ. అయినా ప్రతి వాయిదాకూ గుద్దినాయన మా క్లయింటుతో ఒకే బస్సులో వచ్చేవాడు. అతని చంక కింద చెయ్యి వేసి, కోర్టు మెట్లు మెల్లగా ఎక్కించేవాడు.

అది చూసిన కంపెనీ వకీలు, ఇద్దరూ కుమ్మక్కయ్యారని, అసలు ప్రమాదమే జరగలేదని జడ్జి ముందు వాదించాడు. మా సీనియర్ గుద్దినాయనను పిలిచి, "కేసు తేలేదాకా ఆయన పక్కకు పోవద్దు" అని గట్టిగా చెప్పాడు.

తర్వాతి వాయిదాకు అతను దూరంగా జిరాక్స్ అంగడి దగ్గర నిలబడ్డాడు. మా క్లయింటు ఒక్కడే మెట్లెక్కుతూ, చంకకర్ర జారి పడిపోయాడు. కంపెనీ వకీలు చూస్తుండగానే గుద్దినాయన పరుగున వచ్చి లేపాడు.

సీనియర్ మండిపడ్డాడు. "కేసు పోతే ఏం చేస్తావప్పా?"

"నా వల్ల పడినోడు సార్. మళ్లా పడతాంటే చూస్తా ఎట్ల నిలబడేది?"

ఏళ్లు గడిచాక తీర్పు మాకు అనుకూలంగానే వచ్చింది. కంపెనీ హైకోర్టుకు పోయింది. ఆ మాట వినగానే మా క్లయింటు బెంచీ మీద కూలబడ్డాడు.

"ఇంగ నాతో కాదప్పా" అన్నాడు.

గుద్దినాయన నావైపు తిరిగాడు.

"హైకోర్టు హైదరాబాదులో యాడుంటాది సార్? బస్సు దిగినాక శానా నడవాల్నా?"