పోలవరం దాకా

1978 జనవరి 22, ఆదివారం, ఉదయం ఐదూ పదికి నరసాపురం రేవు దగ్గర నడక మొదలుపెట్టాం. నేనూ, మా తోడికోడలూ. నేను ఆమెను అక్కా అనేదాన్ని. పక్షవాతం వచ్చి బావగారు మంచాన పడి అప్పటికి ఏడాది. ఆయన లేచి కూర్చుంటే చాలని, గోదావరి గట్టు వెంట భద్రాచలం దాకా నడిచి వస్తానని అక్క మొక్కుకుంది.

ఒక్కసారిగా నడిచే వీలు లేదు. మాది బట్టల కొట్టు. పెళ్ళిళ్ళు లేని పుష్యమాసంలోనే మాకు తీరిక. బావగారి మంచం దగ్గర అత్తగారు ఒక్కరే ఉండగలిగేది ఐదు రోజులు. అందుకని దారిని ముక్కలు చేశాను. ఆగినచోట మైలురాయికి పసుపు పూసి బస్సులో ఇంటికి రావడం, మరుసటేడు బస్సులో అక్కడికే వెళ్ళి ఆ రాయి నుంచి నడవడం. ఆడవాళ్ళం, పరాయిచోట పడుకోలేం కనుక చుట్టాలున్న ఊరే మజిలీ.

"ఇలా అయితే ఆరేళ్ళు పడుతుందక్కా" అన్నాను.

"ఆయనకి తొందరేముందే, పడుకునే ఉన్నారుగా" అంది అక్క.

మొదటి రాత్రి పెనుగొండలో, మా ఆడపడుచు ఇంట్లో. ఆవిడ మా కాళ్ళకు వేన్నీళ్ళు పోస్తూ, "బస్సెక్కితే సాయంత్రానికి కొవ్వూరులో ఉంటారు గదా. దేవుడేమన్నా టిక్కెట్టు చూస్తాడేంటి?" అంది.

"టిక్కెట్టు చూడడు వదినా, కాళ్ళు చూస్తాడు" అంది అక్క.

ఆ ఏడు సిద్ధాంతం అనే ఊరి దాకా నడిచాం. రెండో ఏడు కొవ్వూరు. ఆసారి ఇంటికి వచ్చేసరికి బావగారికి ఉన్న కాస్త మాటా పడిపోయింది. చివరిగా ఏమన్నారని అక్క అడిగింది.

"మజ్జిగ అన్నాడు" అన్నారు అత్తగారు. "ఇచ్చాను."

మూడో ఏడు పోలవరం చేరాం. అక్కడితో మా చుట్టాలున్న ఊళ్ళు అయిపోయాయి. పై దారి గురించి రేవులో లాంచీ నడిపే సరంగును అడిగాం.

"పైన గట్టెక్కడిదండీ? కొండ తిన్నగా నీళ్ళలోకే దిగిపోద్ది. అడివిలో కాలిబాటలున్నాయి గానీ మీవల్ల కాదండి. లాంచీ ఎక్కండి."

తిరుగు బస్సు ఎక్కాం. తణుకు దాటాక అక్క అడిగింది.

"లాంచీలో కూర్చోకుండా, పైన అటూ ఇటూ నడుస్తూనే ఉంటేనో?"

"అదీ నడకే అనుకుందాంలే అక్కా."

"మనం అనుకుంటే సరిపోద్దా."

అయినా నాలుగో ఏటికి అలాగే అనుకున్నాం. లాంచీ వేళలు కనుక్కొచ్చాను. భద్రాచలంలో సత్రానికి ఉత్తరం రాశాను. సత్రం నుంచి గది ఉందని జవాబు వచ్చిన వారానికి, మార్గశిరంలో, తెల్లవారుజామున బావగారు పోయారు. ఒక్కసారి కూడా లేచి కూర్చోలేదు.

మరుసటేడు, మొక్కు మొక్కే కదా, మిగతాది పూర్తిచేద్దామా అని అడిగాను. అక్క బియ్యం ఏరుతూ, "ఎవరికోసమే?" అంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పోయినవి ఇవి. బావగారు. ఆయన మాట. ఆయన పక్కన అక్క ఉండవలసిన పదిహేను రోజులు. పోలవరం పైన దారంతా.