పగిలిన సైలెన్సర్, అక్క ప్రయాణం

మొన్న కరీంనగర్‌లో సిగ్నల్ పడి మా ఆటో ఆగినప్పుడు, చెవులు చిల్లులు పడేలా మోగుతూ ఒక మోటార్‌సైకిల్ వచ్చి పక్కన నిలబడింది. ఆ మోతలో సన్నటి బుస ఒకటి ఎవరికీ పట్టలేదు గానీ, మెకానిక్ పని మానేసి ఇన్నేళ్లయినా నాకు వినబడింది, వెనక కూర్చున్న అమ్మాయి కాళ్లవైపే చూస్తూ ఉండిపోయాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి, రెండు వైపులా రెండు సైలెన్సర్లుండే ఆ బరువైన బండ్లు. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసే మా బావకు అలాంటిదొకటి ఉండేది. నస్పూర్‌లో మెకానిక్ షాపు నడిపే ఉస్తాద్ దగ్గర అప్పుడప్పుడే చేయి తిరుగుతున్న నేను, దానికి కంపెనీ సైలెన్సర్లు విప్పేసి, కరీంనగర్ నుంచి తెచ్చిన తళతళలాడే డూప్లికేట్ జత బిగించి గొప్పలు పోయాను.

రెండు నెలలు తిరక్కముందే, ఒక శుక్రవారం మధ్యాహ్నం, అక్కనూ ఏడాది నిండని మేనకోడలినీ ఎక్కించుకుని కాగజ్‌నగర్‌లో పెళ్లికి పోతూ, బండి పట్‌పట్‌మంటోందని బావ షాపు ముందు ఆపాడు. ఉస్తాద్ నమాజుకు వెళ్లి ఉన్నాడు. ఎడమ గొట్టం చివర తడిబట్ట అదిమి ఇంజను తిప్పితే, అతుకు దగ్గర వేడిగాలి బుస్సుమని తన్నింది. తుడిచి చూస్తే మసి కింద సన్నటి పగులు. మార్చాలని తెలుసు. నేను తెచ్చిన సరుకే పాడైందని బావ ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. రేకు చుట్టి, తీగతో బిగించి, ఏం కాదని పంపేశాను.

ఉస్తాద్ వచ్చి మసిబట్ట చూసి అడిగితే దాచలేకపోయాను. ఆయన గొంతు పెంచలేదు.

"అక్క చీర కట్టుకొని గా పక్కకే కాళ్లేసి కూసుంటది గద బేటా. అంచు తాకితె ఏమైతది?"

ఆ సంగతి నాకు అప్పటిదాకా తోచనే లేదు. ఆయన స్కూటర్ వెనక, పాత కంపెనీ సైలెన్సర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మంచిర్యాల దాటి టేకు అడవి మొదలయ్యాక, ప్రతి మలుపులోనూ పొగే కనబడుతున్నట్టుండేది. ఒక కల్వర్టు దగ్గర బండి పక్కకు పడి ఉంది. మనుషులు లేరు. పక్కన సగం కాలిన పసిపిల్ల గుడ్డ. స్కూటర్ ఆగకముందే దిగి ఉరికాను.

కల్వర్టు అవతల నీడలో అక్క పిల్లకు పాలిస్తోంది, బావ ఆమె మడమ మీది బొబ్బపై నీళ్లు పోస్తున్నాడు. చీర కుచ్చిళ్లు జానెడు మేర కాలిపోయాయి.

"పిల్ల ఒక్కతీరుగ ఏడ్సింది తమ్మీ, గందుకే ఆపినం," అంది అక్క. "దిగి సూత్తె చీర అంటుకున్నది. బండి ఆడ్నే పడేసి, పిల్ల గుడ్డతోనె ఆర్పినం."

పగిలిన గొట్టం విప్పాను; కొత్త ప్యాకింగ్ వేసి పాతది ఎక్కించాక, ఉస్తాద్ బట్ట అదిమి, చెవి దగ్గర పెట్టి రెండుసార్లు చూశాడు. బావతో ఆయనేమీ అనలేదు. చెప్పవలసింది నువ్వే అన్నట్టు నావైపు చూశాడు. నేను తల దించుకుని పానాలు సర్దుకున్నాను.

ఆ బండ్లు పోయాయి, ఆ దారి వెడల్పయింది, ఉస్తాద్ షాపు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, బావా లేడు. అక్క మాత్రం చుట్టాలు కలిసినప్పుడల్లా, తన మీది ప్రాణంతో తమ్ముడు అడవిదాకా ఉరికొచ్చాడని మురిసిపోతూ చెబుతుంది. చెప్పగలిగిన రోజుల్లో భయపడ్డాను. ఇప్పుడు ఆమెకు గట్టిగా చెబితే తప్ప వినపడదు. ఆ మాట గట్టిగా చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.