గాలిమర కనిపించని సముద్రం

నా చిన్నప్పుడు స్కాట్లండ్ సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లు నాకు వరసగా నోటికి వచ్చేవి. సొంతూరు కరీంనగర్ పక్కన ఏ ఊరుందో చెప్పమంటే మాత్రం తెల్లముఖం వేసేదాన్ని. మేముండేది సౌదీలో, ఖమీస్ ముషైత్‌లో. మా బాపు అక్కడొక ఆసుపత్రిలో ఇంజినీరు. పక్కింటి నర్సు ఆంటీది స్కాట్లండ్. ఆవిడ వంటింట్లో గిన్నెలు తుడిచే గుడ్డ ఒకటి గోడకు వేలాడేది. దాని మీద వాళ్ల తీరం పటం అచ్చువేసి ఉండేది. ఈలీ, సెయింట్ మోనన్స్, పిట్టెన్‌వీమ్, ఆన్‌స్ట్రదర్, క్రెయిల్. అలలు తగిలేంత దగ్గరలో పాత చర్చి, పూర్వం ఉప్పు వండడానికి సముద్రపు నీళ్లు తోడిన గాలిమర. ఒక్కొక్కటే వేలు పెట్టి చూపిస్తూ కథలు చెప్పేది.

యుద్ధం వస్తుందన్నారు. ఊళ్లో సైనిక స్థావరం ఉంది కాబట్టి ఆడవాళ్లను, పిల్లలను పంపేయమన్నారు. బాపుకు సెలవు లేదు, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పనికి పెట్టుకున్న యజమాని దగ్గర ఉంది. బాపు లేకుండా ఎక్కడికీ పోనని నేను రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు బాపు, తనూ అమ్మా నేనూ ముగ్గురం కలిసి ఆంటీ వాళ్ల ఊరికి పోతున్నామన్నాడు. నమ్మలేక ఆంటీ దగ్గరికి పరుగెత్తాను. మందు చేదైతే చేదేనని చెప్పే మనిషి ఆవిడ. ఆవిడా అవునంది. వాళ్లమ్మ ఎదురుచూస్తుందని చెప్పి నాకు స్వెట్టర్ తొడిగింది.

విమానాశ్రయంలో బాపు, సామాను సంగతి చూసి వెనకే వస్తానన్నాడు. నేను గంతులేస్తూ వెళ్లిపోయాను, వెనక్కి తిరిగైనా చూడలేదు. జెద్దాలో విమానం మారాక, బాపు వెనక సీట్లో ఉన్నాడంది అమ్మ. చాలాసేపటికి కింద సముద్రం కనిపిస్తే, కిటికీకి ముక్కు ఆనించి గాలిమర కోసం వెతికాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బొంబాయి వచ్చింది బిడ్డా" అంది.

పెద్దల మాట చద్దిమూట అంటారు. నాకు మాత్రం ముగ్గురూ కూడబలుక్కుని మట్టి మూటకట్టి ఇచ్చారు. అందరికన్నా ఆంటీ మీదే ఎక్కువ మండింది.

యుద్ధం అయిపోయాక బాపు సెలవు మీద వచ్చాడు. నేను దగ్గరికి పోలేదు.

"ఏడుస్తవని చెప్పలే బిడ్డా. ఆంటీని గూడ నేనే బతిమిలాడిన" అన్నాడు.

"ఏడిస్తే ఏమైతుండె? నిన్ను పట్టుకొని ఏడుస్తుంటి గద" అన్నాను.



నా ప్రాణం కోసమే అలా చేశారని ఇప్పుడు తెలుసు. అయినా ఆ కోపం పూర్తిగా చల్లారలేదు. నా కూతుర్ని మొదటిసారి హాస్టల్లో దింపిన రోజున, రెండు నెలల దాకా రానని ముందే చెప్పేశాను. అది నా మెడ పట్టుకుని గుక్కపట్టి ఏడ్చింది. టైమయింది, గేటు వేయాలన్నాడు వాచ్‌మన్. ఇంకాసేపు దాన్ని ఏడవనివ్వమన్నాను.