ఒక్కసారే మోగిన సైరన్

పోయిన చలికాలం మావారికి సెలవు దొరికితే, గోదావరిఖని నుంచి నాలుగేళ్ల పాపతో అడవిలోని గెస్ట్‌హౌస్‌కి వెళ్లాం. పాతకాలపు గని అధికారుల బంగళాను బాగుచేసి అద్దెకిస్తున్నారు. వెనకే లోతైన వాగు. పాప వరండాలో ఆడుకుంటోంది. నేను బట్టలు సర్దుతుండగా, భోజనానికి పిలుపుగా అక్కడి పాత సైరన్ మోగించారు. బయటికొస్తే పాప లేదు.

ఎంత పిలిచినా పలకలేదు. మావారు వాగు వైపు పరుగెత్తారు. వాచ్‌మన్ "ఫికర్ చెయ్యకు బిడ్డా, ఈడనే ఉంటది" అంటూనే నీళ్లలోకి దిగి కర్రతో వెతకసాగాడు.

అరగంటకు వంట చేసే అవ్వ కేకేసింది. "ఇగో, నీ బిడ్డ ఈడున్నది."

వంటింటి గట్టు కింద ముడుచుకుని కూర్చుంది పాప.

"గింతసేపు పిలుస్తుంటే పలుకవేందే?" అన్నాను.

"బ్లాస్టింగ్ కాలే మమ్మీ. రెండో సైరన్ మోగలే. నువ్వు గూడ లోపలికి రా."

మా క్వార్టర్స్ పక్కన ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బండలు పేల్చే ముందు ఒక సైరన్, అయ్యాక మరొకటి మోగుతాయి. మొదటిది మోగగానే లోపల దాక్కోవాలని, రెండోది వినేదాకా ఎవరు పిలిచినా బయటికి రావద్దని చెప్పింది నేనే. నేనూ గట్టు కిందికి దూరి దాన్ని పొదువుకున్నాను.

ఆ తర్వాత ఇంకో మాట నేర్పాను: దాక్కున్నా సరే, అమ్మ పిలిస్తే పలకాలని.