ట్యాబ్ వెనక బొట్టు

మా బావకు రాని విద్య లేదు. నాలుగు వీడియోలు చూస్తే చాలు, ఏ వస్తువునైనా విప్పేస్తాడు. తిరిగి బిగించడం మాత్రం ఏ వీడియోలోనూ చూపించరు కాబోలు.

మా పడవ సముద్రం మీదికి వెళ్లేముందు గాలి ఎటుందో చూసుకోవడానికి మా ఇంట్లో ఒక ట్యాబ్ ఉండేది. అది పాతబడి వాతావరణం యాప్ తెరుచుకోవడం మానేసింది. బూట్‌లోడర్ లాక్ తీసి ట్యాబ్‌ను నడిపించే ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కిస్తానని బావ కూర్చున్నాడు. మోడల్ నంబరు ఒక్క అంకె తప్పినా ట్యాబ్ చచ్చిపోతుందని వీడియోలో మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ నంబరు ట్యాబ్ వెనక ఉంది. ఆయుధ పూజనాడు పడవ ఇంజనుతోపాటు దానికీ పెట్టిన గంధం బొట్టు చివరి అంకె మీద ఎండి గట్టిపడింది. పక్కనుంచి కనబడిన కాస్త వంపు చూసి, అది మూడే అని తేల్చేశాడు మహానుభావుడు. మూడుకు తగిన ఫైలే ఎక్కించాడు. ట్యాబ్ మళ్లీ వెలగలేదు.

సూళ్లూరుపేటలో రిపేరు చేసేవాడు ఆ బొట్టును గోటితో గీకి చూపించాడు. కింద ఎనిమిది ఉంది.

"ఏందన్నా, ఎనిమిదిని మూడు చేసినారే! సెట్టింగ్స్‌లో చూసినా కనపడేది గదా!"

తిరుగు బస్సులో బావను నోటికొచ్చినట్టు తిట్టాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తిరిగి నన్ను అనాలంటే అనొచ్చు. ఆ ఫైలు ఎక్కించే ముందు బొట్టు తుడవడానికి తడిగుడ్డ తెచ్చుకున్నాడు.

"పడవ నీళ్లమీదుండంగా పూజబొట్టు తుడిచేస్తావా బావా?" అని ఆ గుడ్డ లాక్కున్నది నేనే.