కాగితాల మీద పొడుగు మడత

లైబ్రరీలో ఆమెను అందరూ ఫైలమ్మ అంటారు, ఆమె వినకుండా. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం ఆమె ఉద్యోగం. ఆ పేరు తెచ్చిపెట్టింది మాత్రం నెలాఖరు శనివారం జరిగే పుస్తక చర్చ. ఆ నెల నవల గురించి రచయిత జీవితం, ఆనాటి పత్రికల్లోని ముక్కలు, కథ జరిగిన ఊరి పటం, అన్నీ ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి, గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసి, అట్టఫైల్లో పెడుతుంది. చర్చకు వారం ముందు ఆ ఫైలు చదువుకునే గదిలో బల్ల మీదికి వస్తుంది. ఎవరైనా చదువుకోవచ్చు, బయటికి మాత్రం తీసుకెళ్ళకూడదు. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి.

ఆ పద్ధతికి ఎవరో గండి కొట్టారు. మంగళవారం సాయంత్రం లెక్క చూస్తే రెండు కాగితాలు తక్కువ. బుధవారం పొద్దున ఏమీ ఎరగనట్టు ఫైల్లోనే ఉన్నాయి, కాకపోతే నిలువునా మధ్యకు ఒక మడత పడింది. మరుసటి నెలా అంతే. ఫైలమ్మ ఆ మడతను పరీక్షగా చూసింది.

కాగితాన్ని పొడుగ్గా మడిచేదెవరు? నోట్లను అలా మడిచి వేళ్ళ సందున పెట్టుకుని ముప్పై ఏళ్ళు బస్సుల్లో నిలబడ్డవాడు. రిటైరైన కండక్టరు చర్చలో రెండో వరుసలో కూర్చుంటాడు, అందరికంటే బాగా మాట్లాడతాడు. ఓహో, ఇదన్నమాట కథ అనుకుంది ఆమె. నవల ముట్టకుండా తన కాగితాలు బట్టీపట్టి వచ్చి గొప్పలు పోతున్నాడని తేల్చేసుకుంది. ఇక ఆయన దగ్గినా తుమ్మినా అనుమానమే.

నేరుగా అడిగితే పోయేది. అడగలేదు. ఆ పై నెల రచయిత జీవితం రాసిన కాగితంలో ఒక అబద్ధం కలిపింది. చిన్నప్పుడు పడవ మునిగి ఆయన చెల్లెలు చనిపోయిందనీ, అందుకే నవలలో ఎవరూ నది దాటరనీ రాసింది. నిజానికి నవలలో పెళ్ళివాళ్ళంతా పడవలోనే నది దాటుతారు. నవల చదివినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు.

శనివారం చర్చలో మందులషాపాయన ఆ చెల్లెలి గురించి పావుగంట మాట్లాడాడు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. నది దాటకపోవడం ఎంత లోతైన విషయమో అని మిగతావాళ్ళు తలలూపారు. నోరు మెదపనిది కండక్టరు ఒక్కడే.

అందరూ వెళ్ళాక ఆయన ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"అమ్మా, పడవ సంగతి చూసి నేనే సరిగ్గా చదవలేదేమో అనుకున్నాను. నవల మళ్ళీ మొత్తం చదివాను. ఆ చెల్లెలి మాట ఎక్కడిది?"

ఆమె ఫైలు దగ్గరికి లాక్కుంది. "నేనే కల్పించానండీ. కాగితాలు తీసుకెళ్ళేదెవరో పట్టుకుందామని."

తీసుకెళ్ళింది తానేనని ఆయన ఒప్పుకున్నాడు. చర్చ అయిపోగానే ఫైలు అటకెక్కిపోతుంది కాబట్టి, చదువుకోవాల్సినవి ఇంట్లో ఎత్తి రాసుకుంటున్నాడట. మొదట్లో ఇక్కడే కూర్చుని రాసుకునేవాడు. ఈమధ్య చూపు ఆనక, ఇంట్లో పెద్ద దీపం కింద రాసుకోవాల్సి వస్తోంది. అలా పదకొండేళ్ళవీ నోటుపుస్తకాల్లో ఉన్నాయట.

"నువ్వు రాసింది ఒక్కసారీ సరిచూసుకోలేదమ్మా. ఆ అవసరమే రాలేదు. ఇప్పుడు చెప్పు, వాటిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటి కూడా లేదండీ. ఒట్టు."

నిజమే చెప్పింది. అయినా ఆ మాట ఆమె చెవులకే అబద్ధంలా వినిపించింది. టికెట్టు ఎక్కడో పడిపోయిందని చెప్పే ప్రయాణికుణ్ణి చూసినట్టు చూశాడు కండక్టరు. "సరేలే అమ్మా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి నెల మంగళవారం సాయంత్రం ఆమె కాగితాలు రెండుసార్లు లెక్కపెట్టింది. ఒక్కటి కూడా తగ్గలేదు.